అన్యాయార్జితమైన కానుక: లాస్ కాసాస్ చరిత్రమునందలి యొక ఘట్టము

దేవుఁడు న్యాయప్రియుఁడనియు, న్యాయము లేని యర్చన యాతనికి సమ్మతము గాదనియు హీబ్రూ ప్రవక్తల కాలమునుండియు బోధింపఁబడుచున్నది. ఈ సూత్రమును నోట నంగీకరించిన క్రైస్తవులు పెక్కండ్రు. దానికై తమ సొత్తును విడిచినవారు మాత్ర మరుదు. స్పెయిను దేశీయుఁడగు బర్తొలొమె దె లాస్ కాసాస్ అట్టి యరుదైన వారిలో నొకఁడు.

1492వ సంవత్సరమునకుఁ బిమ్మట కరిబియను ద్వీపముల నాక్రమించిన స్పెయినువారు ‘ఎంకొమియెండా’ యను పద్ధతి నచట నెలకొల్పిరి. దాని చొప్పున నొక్కొక్క వలసదారునకుఁ గొందఱు ద్వీపవాసు లప్పగింపఁబడుదురు. వా రతనికి ఊడిగము చేయవలెను. అతఁడు వారిని రక్షించి క్రైస్తవమతమును బోధింపవలెను. ఆచరణమున బోధ పేరునకు మాత్రమే మిగిలెను. బంగారు గనులలోని చాకిరియు, ఆఁకలియు, క్రొత్త రోగములును గలసి యా జనులను నశింపఁజేసెను.

1511 డిసెంబరు 21వ తేదీ ఆదివారమున హిస్పానియోలా ద్వీపమందలి సాంతొ దొమింగొ నగరమున అంతోనియొ దె మోంతెసీనోస్ అను దొమినికన్ సన్యాసి, ద్వీపవాసులను హింసించువారెల్లరు ఘోరపాపమున నున్నారని ప్రసంగించెను. కొలంబసు కుమారుఁడగు దియెగొ యప్పటి ద్వీపాధికారి. అతఁడును బ్రముఖులును మఠమునకుఁ బోయి, యా మాటను వెనుకకుఁ దీసికొమ్మని పట్టుపట్టిరి. మఱుసటి యాదివారమున సన్యాసి యదియే మఱింత దృఢముగాఁ జెప్పెను. ఈ ప్రసంగము లాస్ కాసాస్ రచించిన ‘ఇండీసుల చరిత్రము’ మూలముననే మనకుఁ దెలియవచ్చుచున్నది. కావున నందలి భావమును గ్రహింపవచ్చును గాని, ప్రతిపదమును మోంతెసీనోసుదే యనుటకు వీలులేదు.

లాస్ కాసాస్ 1502లోనే హిస్పానియోలా చేరి, తానును ద్వీపవాసుల చాకిరి ననుభవించుచుండెను. ఆ కారణముననే యొక దొమినికన్ గురువు అతనికిఁ బాపవిమోచన మొసఁగ నిరాకరించెను. అప్పటికిని అతని మనసు మాఱలేదు. తరువాత క్యూబా నాక్రమించిన సేనతోఁ గూడ గురువుగాఁ బోయి, యచటను భూమిని, పనివారిని బడసెను.

1514లో పెంతెకోస్తు పండుగకుఁ బ్రసంగము సిద్ధపఱచుకొనుచు నతఁడు సీరా పుత్రుని జ్ఞానగ్రంథమున 34వ యధ్యాయమును జదివెను. పేదల కూటిని హరించి తెచ్చిన కానుకను దేవుఁడు మెచ్చఁడని యందలి తాత్పర్యము. ఆ మాట తన్ను గూర్చియే చెప్పఁబడినట్లతనికిఁ దోఁచెను. కొన్నినాళ్లు విచారించి, తన పనివారిని విడుచుచున్నానని క్యూబా యధికారి యగు వెలాస్కెసునకుఁ దెలిపెను. ఆగస్టు 15వ తేదీని దేవాలయమున నెల్లర యెదుటఁ బ్రకటించెను.

అతని చరిత్రము దోషరహితము గాదు. ద్వీపవాసుల బాధ తీర్చుటకై యాఫ్రికా బానిసలను దెప్పింపవచ్చునని 1516లో నతఁడు సూచించెను. వారి బానిసత్వమును నంతే యన్యాయమని పిమ్మట గ్రహించి, తన యజ్ఞానము దైవసన్నిధిని క్షమింపఁబడునో లేదో యని తన చరిత్రగ్రంథమున వ్రాసికొనెను. తన తప్పును దాఁచని యీ వాక్యములు ఆ గ్రంథమున కొక గొప్ప ప్రామాణ్యము.

1542 నాఁటి నూతన శాసనములు ఎంకొమియెండా వారసత్వమును నిషేధించెను. వలసదారుల తిరుగుబాటుచే నా నిషేధము 1545లో రద్దయ్యెను. అప్పటికి చియాపాసు పీఠాధిపతి యైన లాస్ కాసాస్, అపహరించినది తిరిగి యియ్యని వారికిఁ బాపవిమోచనము లేదని తన గురువుల నాజ్ఞాపించెను. ఒకప్పుడు తనకుఁ జెప్పఁబడినదే యతఁ డితరులకు విధించెను. 1550-51లలో వాయ్యదోలీదు సభయందు సెపూల్వెదాతో వాదించెను, తీర్పు వెలువడలేదు. 1566లో నతఁడు మరణించెను.

పశ్చాత్తాప మనఁగాఁ గన్నీరు గాదు, కొల్లగొన్నదానిని మఱల నిచ్చుటయే యని యతని సిద్ధాంతము. రాజశాసనము రద్దు గావచ్చును. ఆ ఋణము మాత్రము రద్దు గాదు.