గురువు వెంట కెమెరా

హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ చాలాకాలం తరగతి గదిలో కాక, స్టూడియోలో గురువు కనుసన్నల్లో అబ్బిన విద్య. 1844లో సర్ధనాలో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1880ల్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు; సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు.

ఆ విద్య మొదటి రోజుల్లో గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి కడగాల్సి వచ్చేది. పూత ఏమాత్రం ఎగుడుదిగుడైనా బొమ్మ పాడయ్యేది. చేయి తిరిగినవాడి పక్కన నిలబడితే తప్ప ఆ పని పట్టుబడదు. తర్వాత వచ్చిన పొడి పలకలు ఆ తొందర తీర్చాయి.

దీన్‌దయాళ్ మీద ప్రశంసా ఉంది, విమర్శా ఉంది. ఆయన పనితనాన్ని కాదనేవారు లేరు. అయితే తన ఫొటోల్లో కరువు సహాయ పనులను కూడా నిజాం దాతృత్వానికి సాక్ష్యంగానే చూపాడని విమర్శకులు అంటారు. ఆ విమర్శలో బలముంది.

నేడు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో ఫొటోగ్రఫీకి డిగ్రీ ఉంది. కర్మన్‌ఘాట్, చంపాపేట ఫంక్షన్ హాళ్లలో పెళ్లి ఫొటోలు తీసే కుర్రాళ్లలో చాలామందికి మాత్రం సీనియర్ వెంట లైటు పట్టుకోవడమే తొలి పాఠం. దీన్‌దయాళ్‌లాగే విమర్శలు ఎదుర్కొంటున్న ప్రముఖ ఫొటోగ్రాఫర్ మాస్టర్‌క్లాస్‌కు వెళ్లాలా అని తటపటాయించేవారికి ఈ చరిత్ర చెప్పే జవాబు ఒకటే: వెళ్లవచ్చు. ఆయన పనితనం నేర్చుకోండి, ఎవరి కోసం తీశాడో అడగండి.