పిల్లల వైద్యులకు ప్రపంచ ఆరోగ్య శిక్షణ

మందులు, పరికరాలు, సిబ్బంది కొరతగా ఉన్న చోట పిల్లలకు వైద్యం చేయడానికి శిశువైద్య నిపుణులను సిద్ధం చేసే చదువును ప్రపంచ ఆరోగ్య శిక్షణ అంటారు. పోషకాహార లోపం, నీళ్ల విరేచనాలు, తట్టు, మలేరియా, క్షయ, హెచ్‌ఐవీ, నవజాత శిశువుల సమస్యలు ఇందులో ముఖ్యమైన పాఠాలు. అమెరికా పీజీ చదువుల్లో ఇది ఒక విభాగంగా నిలదొక్కుకున్నది 1990ల తరువాతే. అందులో బోధించే విషయాలు మాత్రం అంతకు చాలా ముందే ఆఫ్రికా, ఆసియా ఊళ్లలో, వార్డుల్లో పుట్టాయి. ఈ చరిత్ర చదివేటప్పుడు ఆ సంగతి మరచిపోకూడదు.

తొలి అడుగులు

ఉష్ణమండల వైద్య పాఠశాలలు లివర్‌పూల్‌లో 1898లో, లండన్‌లో 1899లో వెలిశాయి. వలస రాజ్యాలకు వెళ్లే డాక్టర్లను తయారు చేయడం వాటి పని. దొరల ఆరోగ్యం, సైనికుల ఆరోగ్యం మీద ఉన్న శ్రద్ధ అక్కడి పసిపిల్లల మీద ఉండేది కాదు. ఈ లోటును ఎత్తిచూపిన తొలితరం వైద్యుల్లో సిసిలీ విలియమ్స్ ముఖ్యురాలు. జమైకాలో పుట్టిన ఆమె గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, పనిచేస్తూ ఒళ్లు ఉబ్బి, చర్మం పొట్టు రాలి చనిపోతున్న పిల్లలను పరిశీలించారు. 1933లో ఆ జబ్బును వర్ణిస్తే, అది విటమిన్ లోపంతో వచ్చే పెల్లగ్రాయే అని కొందరు పెద్దలు కొట్టిపారేశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. స్థానిక తల్లులు వాడే క్వాషియోర్కర్ అన్న పేరునే 1935లో లాన్సెట్ పత్రికకెక్కించారు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాతాశిశు విభాగానికి తొలి అధిపతి కూడా ఆమే.

మోర్లీ బడి

శిక్షణగా దీనికి ఒక రూపం ఇచ్చింది బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ మోర్లీ. 1950ల చివర్లో ఆయన పశ్చిమ నైజీరియాలోని ఇమెసి-ఇలె గ్రామంలో ఐదేళ్లలోపు పిల్లలకు క్లినిక్ నడిపారు. పుట్టినప్పటి నుంచి పిల్లల బరువును వరుసగా గుర్తిస్తూ పోతే, జబ్బు బయటపడక ముందే గీత వంగిపోవడం కనబడుతుంది. ఆ గీత ఉన్న కార్డును ఆస్పత్రి బీరువాలో కాకుండా తల్లి చేతిలో ఉంచడం ఆయన చేసిన అసలు మార్పు. రోజువారీ పరీక్షలో చాలా భాగాన్ని నర్సులకు అప్పగించడం రెండోది. మన అంగన్‌వాడీల్లో బరువు తూచి నింపే గ్రోత్ చార్టు ఆ కార్డు కోవకు చెందినదే.

తరువాత మోర్లీ లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్‌లో చేరి, పేద దేశాల శిశువైద్య అధ్యాపకులకే కోర్సులు నడిపారు. ఒక్క అధ్యాపకుడు తిరిగి వెళ్తే ఏటా ఒక బ్యాచ్ తయారవుతుందన్నది ఇందులోని లెక్క. పుస్తకాలు, స్లైడ్లు చవకగా అందించడానికి 1965లో ఆయన టాల్క్ అనే సంస్థను స్థాపించారు. అదే కాలంలో డెరిక్ జెలిఫ్ ఉగాండాలోని మకెరెరెలో శిశు ఆరోగ్య ఆచార్యుడిగా పనిచేశారు. అంతకుముందు ఆయన బెంగాల్ పల్లెల్లో పిల్లల తిండికి అడ్డొచ్చే ఆచారాలను పరిశీలించారు. పోషకాహార లోపంపై సి. గోపాలన్ నేతృత్వంలో కూనూరులో మొదలై హైదరాబాదుకు తరలిన పరిశోధనలు కూడా ఈ పాఠాల్లో భాగమయ్యాయి.

విరేచనాల పాఠం కూడా ఆసియాలోనే పుట్టింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరంలో సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, పిల్లల వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. ఆయన పనిచేస్తున్నది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కలకత్తాలో నడిపిన పరిశోధన, శిక్షణ కేంద్రంలో.

1978 ఆల్మా-అటా సదస్సు ప్రాథమిక ఆరోగ్యాన్ని ముందుకు తెచ్చింది. 1990ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి పిల్లల జబ్బులకు సమగ్రంగా చికిత్స చేసే ఐఎంసీఐ పద్ధతిని రూపొందించాయి. భారత్ దానికి తొలి వారం శిశువులను చేర్చి ఐఎంఎన్‌సీఐగా మార్చుకుంది. చిన్న ఆస్పత్రుల్లో పిల్లల చికిత్సకు పనికొచ్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ పాకెట్ బుక్ 2005లో వచ్చింది.

అమెరికా రెసిడెన్సీల్లో

1990ల మధ్యలో అమెరికాలోని శిశువైద్య రెసిడెన్సీల్లో, అంటే పీజీ శిక్షణ కార్యక్రమాల్లో, దాదాపు పావు వంతే విదేశీ రొటేషన్‌కు వీలు కల్పించేవి. పదేళ్లు గడిచేసరికి అవి సగానికి చేరాయి. 2013-14లో జరిగిన సర్వేలో 58 శాతం తేలింది. ఈ ఊపుకు ఎయిడ్స్ పెద్ద కారణం. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల రొమేనియాలో ఎయిడ్స్ పిల్లల కోసం మొదలుపెట్టిన పనిని ఆఫ్రికాకు విస్తరించి, 2003లో బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో పిల్లల హెచ్‌ఐవీ కేంద్రాన్ని తెరిచింది. రెసిడెన్సీ ముగించిన శిశువైద్యులను అలాంటి కేంద్రాలకు పంపే పీడియాట్రిక్ ఎయిడ్స్ కోర్ పథకాన్ని 2005లో ప్రకటించింది. నాలుగు వారాల పర్యటనకు, అక్కడే ఉండి చేసే ఉద్యోగానికి ఉన్న తేడా ఇలాంటి పథకాలతో స్పష్టమైంది.

పర్యటనలు పెరిగేకొద్దీ ప్రశ్నలూ పెరిగాయి. వచ్చిన రెసిడెంటుకు పని నేర్పడానికి ఆతిథ్య ఆస్పత్రి డాక్టర్లు తమ రోగుల సమయాన్ని వెచ్చించాలి. ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోవాలని ఇలాంటి శిక్షణలో పాటించాల్సిన నీతి నియమాలపై 2010లో వెలువడిన వెయిట్ మార్గదర్శకాలు చెప్పాయి. ప్రయాణానికి ముందే సిమ్యులేషన్ ద్వారా తర్ఫీదు ఇచ్చే షుగర్ పాఠ్యప్రణాళిక తరువాత వచ్చింది. పరికరం లేనప్పుడు, బతికించగలిగిన బిడ్డ కళ్లముందే చనిపోయినప్పుడు డాక్టరు మనసు ఎలా తట్టుకుంటుందన్నది కూడా అందులో పాఠమే.

దిశ మార్పు

కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం నడిపే ఆఫ్రికన్ పీడియాట్రిక్ ఫెలోషిప్ వేరే దారి పట్టింది. ఇతర ఆఫ్రికా దేశాల డాక్టర్లు రెడ్ క్రాస్ వార్ మెమోరియల్ పిల్లల ఆస్పత్రి వంటి చోట్ల సూపర్ స్పెషాలిటీలు నేర్చుకుని, తమను పంపిన ఆస్పత్రులకే తిరిగి వెళ్తారు. రువాండా ప్రభుత్వం 2012 నుంచి అమెరికా అధ్యాపకులను తన బోధనాస్పత్రులకు రప్పించి, స్థానిక అధ్యాపకులతో జతగా పనిచేయించింది. కెన్యాలోని మోయి విశ్వవిద్యాలయం, ఇండియానా విశ్వవిద్యాలయం 1989లో కుదుర్చుకున్న భాగస్వామ్యంలో విద్యార్థులు అటూ ఇటూ ప్రయాణిస్తారు.

2020లో కోవిడ్ ఈ ప్రయాణాలను ఆపేసి, ఆన్‌లైన్ పాఠాలను ముందుకు తెచ్చింది. ప్రయాణాలు మళ్లీ మొదలైనా ఒక అసమానత మిగిలే ఉంది. అమెరికా రెసిడెంటు ఆఫ్రికా వార్డులో పర్యవేక్షణ కింద పిల్లలకు స్వయంగా చికిత్స చేస్తాడు. అక్కడి నుంచి అమెరికా వెళ్లిన డాక్టరు మాత్రం లైసెన్స్ నిబంధనల వల్ల చాలాచోట్ల పక్కన నిలబడి చూడటంతోనే సరిపెట్టుకోవాల్సి వస్తోంది.