మృగశిర రాని ఊళ్ళో విత్తే రోజు

మార్చి నెల సగం గడిచిందంటే చాలు, అమెరికాలో ఏ నలుగురు తెలుగువాళ్ళు కలిసినా మాటలు ఏదో ఒక క్షణంలో పెరటి వైపు మళ్ళుతాయి. "వంగనారు పోశారా?" "గోంగూర గింజలు ఎవరి దగ్గరైనా మిగిలాయా?" "బీరపాదు ఎప్పుడు పెట్టొచ్చంటారు?" మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు ఇట్టే దొరుకుతుంది. మూడోదానికి మాత్రం ఒక్కొక్కరూ ఒక్కొక్క తేదీ చెబుతారు. ఒకాయన ఉగాది వెళ్ళగానే అంటారు. ఒకావిడ మదర్స్ డే దాకా ఆగమంటారు. పక్కింటి అమెరికన్ పెద్దాయనని అడిగితే ఓక్ చెట్టు చిగురు ఉడత చెవి అంత అయ్యిందో లేదో చూసుకోమంటాడు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఒకే ప్రశ్నకి నలుగురు నాలుగు జవాబులు చెబితే, ఎవరి జవాబు ఏ సమాచారం మీద నిలబడిందో తవ్వి చూడటం మా వృత్తిలో అలవాటు. ఈ ప్రశ్నని అలాగే తవ్వుతూ పోయాను. తేలిందేమిటంటే, ప్రతి తేదీ వెనకా ఒక చోట తరతరాలుగా బతికినవాళ్ళ జ్ఞాపకం ఉంది. చోటు మారితే ఆ తేదీ చెల్లదు. దాన్ని కనిపెట్టిన పద్ధతి మాత్రం ఎక్కడైనా చెల్లుతుంది.

ముందు మనం వెంట తెచ్చుకున్న లెక్క సంగతి చూద్దాం. మన పండగలు చాంద్రమానం ప్రకారం వస్తాయి. అందుకే ఉగాది 2023లో మార్చి 22న వస్తే, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. ఇలా రెండున్నర వారాలు అటూ ఇటూ జరిగే రోజుని నమ్ముకుని విత్తితే పంట దక్కదని మన రైతులకి ఏనాడో తెలుసు. కనకనే వ్యవసాయానికి వేరే లెక్క పెట్టుకున్నారు. అదే కార్తె. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 రోజులు. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో మొదలవుతాయి. ఇవి ఏటా దాదాపు అవే తేదీల్లో వస్తాయి. పూజకి చంద్రుణ్ణీ, పొలానికి సూర్యుణ్ణీ వాడుకున్న మనవాళ్ళ తెలివిని మెచ్చుకోకుండా ఉండలేం.

అయితే కార్తెలు దేనికోసం ఎదురుచూస్తాయి? నీళ్ళ కోసం. రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. ఆ తరవాత మృగశిరతో తొలకరి. మన భాషే ఇందుకు సాక్ష్యం. వానకి మనకి తుంపర, జల్లు, ముసురు, జడివాన, వడగళ్ళవాన అని ఎన్నో మాటలున్నాయి. అదే ఆకుమీద పడే తేమనీ, ఆకాశం నుంచి రాలే స్నోనీ, తెల్లవారేసరికి మొక్కని మాడ్చేసే ఫ్రాస్ట్‌నీ కూడా మంచు అనే అంటాం. మన కూరగాయలకి మంచు శత్రువు కాదు కాబట్టి మూడు మాటల అవసరం రాలేదు.

నేనుండేది ఉత్తర వర్జీనియాలో. సూర్యుడు మృగశిరలో ప్రవేశించే రోజు ఇక్కడా అదే. కాని ఆ రోజుకి ఇక్కడ ప్రత్యేకంగా జరిగేది ఏమీ లేదు. మా అమ్మ ఏటా జూన్‌లో ఫోన్ చేసి "ఏరా, మృగశిర వచ్చేసింది, బీరగింజ పెట్టావా?" అని అడుగుతుంది. "పాదు పందిరెక్కేసిందమ్మా" అంటే ఆవిడకి ఒక పట్టాన నమ్మకం కుదరదు. వాన రాకముందే విత్తనం వెయ్యడమేమిటని ఆవిడ సందేహం. ఇక్కడ వాన అన్ని నెలల్లోనూ పడుతుంది. ఎదురుచూడాల్సింది చలి వెళ్ళిపోవడం కోసం.

మరి ఇక్కడ చలిని కనిపెట్టి విత్తినవాళ్ళు ఎవరు? ఇప్పటి నార్త్ డకోటాలో, మిసోరీ నది ఒడ్డున హిడాట్సా అనే జాతి వారున్నారు. వారిలో మాహిడివియా అనే ఆవిడ, ఇంగ్లీషులో బఫెలో బర్డ్ వుమన్, 1839 ప్రాంతంలో పుట్టింది. ఆవిడ తన సేద్యపు పద్ధతులన్నీ చెబుతుంటే కొడుకు ఎడ్వర్డ్ గుడ్‌బర్డ్ ఇంగ్లీషులోకి మార్చాడు. గిల్బర్ట్ విల్సన్ అనే మానవశాస్త్రవేత్త రాసుకుని 1917లో పుస్తకంగా ప్రచురించాడు.

ఆవిడ లెక్కలో ఒక రోజంటూ లేదు, ఒక వరస ఉంది. నేల పనికి లొంగగానే ఏప్రిల్‌లో పొద్దుతిరుగుడు. మే నెలలో మొక్కజొన్న. ఆ తరవాత గుమ్మడి జాతి. అన్నిటికీ ఆఖరున చిక్కుళ్ళు. మొక్కజొన్నకి వేళయిందని తెలిసేది అడవి గూస్‌బెర్రీ పొదల వల్ల. రోజూ కట్టెల కోసం అడవికి వెళ్ళే ముసలమ్మలు ఆ పొదలు దాదాపు పూర్తిగా ఆకు తొడగడం చూసి, ఇక విత్తండని పడుచువాళ్ళకి చెప్పేవారు. గుమ్మడి గింజల్ని మాత్రం నేరుగా నేలలో వేసేవారు కాదు. తడిపి, ఆకులూ గడ్డీ కలిపి, తోలులో చుట్టి, ఇంట్లో వెచ్చని చోట వేలాడదీసి మొలకెత్తాక నాటేవారు. ఇది చదువుతుంటే మన ఊళ్ళల్లో వడ్లు నానబెట్టి గోనెసంచిలో మండె కట్టడం గుర్తుకొచ్చింది. ఒకరి మొహం ఒకరు చూడని రెండు జాతులు ఒకే ఉపాయానికి చేరుకున్నాయి.

ఆ గూస్‌బెర్రీ అడవులున్న నదీతీరం ఇప్పుడు లేదు. 1953లో పూర్తయిన గారిసన్ ఆనకట్ట వెనక చేరిన నీళ్ళలో వారి పల్లపు పొలాలూ, కట్టెల అడవులూ మునిగిపోయాయి. శ్రీశైలం జలాశయం కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మనలోనూ ఉన్నారు. పొలానికి బదులు పొలం ఇవ్వచ్చు. ఏ చెట్టు చిగిరిస్తే ఏ గింజ వెయ్యాలో చెప్పే తెలివిడిని ఎవరూ పరిహారం కింద ఇవ్వలేరు.

ఇక యూరప్ నుంచి వచ్చినవాళ్ళు మనలాగే తమ తేదీల్ని మూటగట్టుకుని తెచ్చారు. ఐర్లండ్ వైపు గుడ్ ఫ్రైడే నాడు బంగాళాదుంప నాటే ఆనవాయితీ ఉంది. అది అపలాచియన్ కొండల్లోనూ పాతుకుపోయింది. ఇక్కడే ఒక తమాషా ఉంది. ఈస్టర్ కూడా చంద్రుణ్ణి బట్టి వచ్చే పండగే. గుడ్ ఫ్రైడే మార్చి 20 నుంచి ఏప్రిల్ 23 దాకా ఎప్పుడైనా రావచ్చు. అంటే మన ఉగాదికున్న చిక్కే దానికీ ఉంది. చలికి తట్టుకునే దుంప కాబట్టి ఏదోలా నెగ్గుకొస్తుంది గాని, టమాటాకి ఆ లెక్క పనికిరాదు.

2007 వసంతం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఏడు మార్చి నెల బాగా వెచ్చగా గడిచింది. చెట్లన్నీ ముందే పూశాయి. ఏప్రిల్ మొదటి వారంలో, సరిగ్గా ఈస్టర్ ముందు, దేశపు తూర్పు సగాన్ని చలి ముంచెత్తింది. గోధుమ, పీచ్, ఆపిల్ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ ఏడు ఉగాది మార్చి 20, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 6. రెండు పండగలూ తోటవాళ్ళని ఒకేలా దగా చేశాయన్నమాట.

పండగని నమ్మకుండా పుస్తకం రాసుకున్నవాళ్ళలో అందరికీ తెలిసినవాడు థామస్ జెఫర్సన్. మా ఇంటి నుంచి రెండు గంటలు కారులో వెళితే ఆయన ఎస్టేటు మాంటిచెల్లో వస్తుంది. 1766 మార్చి 30న హయసింత్ పువ్వు విచ్చుకోవడం మొదలైందని రాయడంతో ఆయన తోట పుస్తకం మొదలవుతుంది. 1824 దాకా ఏ గింజ ఏ రోజు వేసిందీ, ఎప్పుడు మొలిచిందీ, ఎప్పుడు వంటింటికి చేరిందీ అందులో ఎక్కిస్తూ వచ్చాడు. చలికి ఓర్చే బఠాణీలు ఫిబ్రవరిలోనే వేసేవాడు. లెట్యూస్ గింజలు ఫిబ్రవరి 1 నుంచి సెప్టెంబరు 1 దాకా ప్రతి సోమవారం ఒక అంగుస్తాను నిండా వెయ్యాలని నియమం పెట్టుకున్నాడు. ఒక తేదీ తప్పినా వచ్చే వారం ఇంకోటుంటుంది. ఇంజనీర్లకి ఈ ముందుజాగ్రత్త వెంటనే నచ్చుతుంది. 1776 జూలై నుంచి ఉష్ణోగ్రతల పట్టిక కూడా విడిగా రాసిపెట్టాడు.

పుస్తకం రాసింది జెఫర్సన్ అయినా కొండ చరియని తవ్వి వెయ్యి అడుగుల పొడవున కూరగాయల మడిగా మలిచింది బానిసలు. వార్మ్‌లీ హ్యూజ్ అనే బానిస అక్కడ ముఖ్యమైన తోటమాలి. బానిస కుటుంబాలు తమ గుడిసెల పక్కన సొంత పెరళ్ళు పెంచుకుని, కూరగాయల్ని యజమాని ఇంటికే అమ్మేవారు. ఆ అమ్మకాల లెక్కలు జెఫర్సన్ మనవరాలు రాసిన పద్దుల్లో ఉన్నాయి. మనం ఎంతో ఇష్టంగా వేసుకునే బెండ ఈ దేశానికి వచ్చింది ఆఫ్రికా నుంచి, బానిసల రాకతోనే. దాన్ని ఎప్పుడు విత్తాలో ఇక్కడ మొదట నేర్చుకున్న చేతులు వాళ్ళవే. వాళ్ళకి పుస్తకం లేదు కాబట్టి వాళ్ళ తేదీలు మనదాకా రాలేదు.

ఎంత పుస్తకం ఉన్నా ఒక్కోసారి ఆకాశం మాట వినదు. 1815 ఏప్రిల్‌లో ఇండొనీషియాలోని తాంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. దాని ధూళి, గంధకపు పొర ఆకాశాన్ని కమ్మి, 1816లో న్యూ ఇంగ్లండ్‌లో జూన్ నెలలో మంచు కురిసింది. జూలై, ఆగస్టుల్లోనూ ఫ్రాస్ట్ పడింది. మొక్కజొన్న పోయింది. ఎందరో ఇళ్ళు వదిలి పడమటికి వలసపోయారు. వర్జీనియాలో కూడా ఆ ఏడు చలి, అనావృష్టి కలిసి పంటని దెబ్బతీశాయని జెఫర్సన్ ఉత్తరంలో రాసుకున్నాడు. విత్తే రోజు తప్పితే మనకి మహా అయితే నాలుగు డాలర్ల నారు పోతుంది. వాళ్ళకి ఊరే పోయింది.

ఒక్కడి పుస్తకం చాలదని ఆ తరవాతివాళ్ళు గుర్తించారు. 1849 నుంచి స్మిత్సోనియన్ సంస్థలో జోసెఫ్ హెన్రీ దేశమంతటా వాతావరణం రాసే స్వచ్ఛంద పరిశీలకుల్ని కూడగట్టాడు. 1890 నాటి చట్టంతో వెదర్ బ్యూరో వ్యవసాయ శాఖ కిందికి వచ్చాక ఆ పని ఇంకా విస్తరించింది. రైతులు, బడిపంతుళ్ళు, గృహిణులు రోజూ కనిష్ఠ ఉష్ణోగ్రత చూసి కాగితం మీద వేశారు. ఇవాళ మనం చూసే 'ఆఖరి ఫ్రాస్ట్ తేదీ' చాలావరకు వాళ్ళ చలవే.

ఈ తేదీ గురించి మనవాళ్ళలో రెండు అపోహలున్నాయి. మొదటిది: సగటు ఆఖరి ఫ్రాస్ట్ తేదీ దాటితే భయం లేదనుకోవడం. నిజానికి ఆ తేదీ అంటే సగం సంవత్సరాల్లో అంతకన్నా తరవాత కూడా ఫ్రాస్ట్ పడిందని అర్థం. నాణెం ఎగరేసి టమాటా నాటడం లాంటిది. ప్రభుత్వపు పట్టికల్లో 90, 50, 10 శాతం అని మూడు రకాల తేదీలుంటాయి. వంగ, బెండ, బీరలకి చూడాల్సింది 10 శాతం తేదీ. రెండోది: 'మాది ఏడో జోన్' అని చెప్పి దాన్నిబట్టి తేదీ నిర్ణయించడం. వ్యవసాయ శాఖ 1960లో మొదట వేసి, చివరిగా 2023లో మార్చిన ఆ జోన్ పటం శీతాకాలంలో చలి ఎంత లోతుకి దిగుతుందో చెబుతుంది. మల్లె, కరివేపాకు బయట బతుకుతాయా అన్న ప్రశ్నకి అది పనికొస్తుంది. వసంతంలో ఎప్పుడు విత్తాలో అది చెప్పదు.

పైగా చోటు చోటుకీ తేడా. వాషింగ్టన్ దగ్గర నది ఒడ్డునున్న విమానాశ్రయానికీ, మా వైపు డల్లస్ విమానాశ్రయానికీ మధ్య పాతిక మైళ్ళ దూరం. ఆఖరి ఫ్రాస్ట్ సగటులో మాత్రం దాదాపు మూడు వారాల తేడా.

ఇప్పుడు ఆ సగటులు కూడా కదులుతున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటితో పోలిస్తే ఈ దేశంలో పంటకాలం సగటున రెండు వారాలకి పైగా పెరిగింది. 2023 పటంలో దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోను వెచ్చని వైపుకి జరిగింది. అలాగని ముందే విత్తేస్తే 2007 లాంటి ఏడు మళ్ళీ రాదన్న హామీ లేదు. అందుకే శాస్త్రం కూడా చెట్లకేసి తిరిగి చూస్తోంది. 1950లలోనే మొంటానాలో జోసెఫ్ కాప్రియో లైలాక్ పొదలు పూసే తేదీలని తోటల క్లబ్బుల ద్వారా సేకరించాడు. 2007లో ఇలాంటి పరిశీలనలకి జాతీయ స్థాయిలో ఒక వ్యవస్థే ఏర్పడింది. హిడాట్సా ముసలమ్మలు కట్టెలు ఏరుకుంటూ చేసిన పనే ఇది.

నా మటుకు నేను ఒక మామూలు నోటు పుస్తకం పెట్టాను. ఆఖరి ఫ్రాస్ట్ పడిన రోజు, పెరటి లైలాక్ పూసిన రోజు, మట్టి వేడి 65 డిగ్రీల ఫారెన్‌హైట్ దాటిన రోజు, బెండ మొలిచిన రోజు. పాలకూర, మెంతి, బఠాణీ ఒక పేజీలో. గోంగూర, బీర, సొర ఇంకో పేజీలో. అమ్మ ఫోనులో చెప్పే కార్తె కూడా ఒక గడిలో వేస్తాను, ఆవిడ తేదీలకీ నా తేదీలకీ మధ్య దూరం ఎంతో పిల్లలకి తెలియాలని.

మన తాతలు కార్తెలని ఎవరో చెప్పగా వినలేదు, కొన్ని వందల ఏళ్ళు ఆకాశాన్నీ నేలనీ కలిపి చూసి పోగుచేశారు. మనం ఈ దేశానికి వచ్చి ఒకటి రెండు తరాలే అయింది. ఈ ఏడు విత్తనం వేసే ముందు మీరూ ఒక పుస్తకం తెరవండి. పదేళ్ళు తిరిగేసరికి మీ వీధికి సరిపోయే పంచాంగం మీ చేతిలో ఉంటుంది. అది ఇంకెక్కడా దొరకదు.