పొద్దు గూకకముందే కైకిలి

ఇంకింత దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. కందికట్టె మంటల చిటపటమంటది, భయపడకుండ్రి.

మెదక్ చర్చి ముచ్చట అడిగిండు గదా మన చిన్నోడు. గోపురం ఎన్ని అడుగులో, లోపల 5 వేల మంది పడ్తరని మీ ఫోన్లల్లనే దొరుకుతది. నాకు తెలిసింది వేరే. ఆ రాళ్లు మోసినోళ్లల్ల మా తాత ఉండె.

కరువు కాలమది. చర్చి కట్టించిన పాస్నెట్ దొర పని చూపెట్టి తిండి పెట్టిండు. 1914ల మొదలైన కట్టడం, 1924 డిసెంబర్ 25న తెరిచిన్రు. తాత ఆ పండుగ ముచ్చట తక్కువ చెప్పేది. పొద్దుగూకే యాళ్లకు ఒడిల పడ్డ గింజల ముచ్చటే ఎక్కువ. అంతకుముందు ఊర్ల పెద్దల పొలాలల్ల చేస్తే ‘రేపు రా’ అనేటోళ్లంట. ఇంట్ల పొయ్యి మాత్రం రేపటిదాక ఆగదాయె.

మా బాపు ఇది వినుకుంటనే పెరిగిండు. ఆయనకు చదువు అంతంతే. పొద్దు గూకకముందే కూలోని కూలి ఇయ్యాలని ద్వితీయోపదేశకాండంల ఉన్నదని పాస్టరయ్య చదివి చెప్తే, ‘మా నాయిన చెప్పింది బైబిల్ల కూడ ఉన్నదా’ అని సంబురపడ్డడంట. ఇగ అదే పట్టుకున్నడు. మాకు చెరువు కింద ఉన్నది రెండెకరాలు. నాట్లకు, కోతలకు మనుషులు రావాలె. పని దిగంగనే గట్టు మీద కూసోబెట్టి కొలిచి ఇచ్చేటోడు. ఒకసారి వడ్లు కొన్న సావుకారి పైసలు ఇయ్యక తిప్పలు పెట్టిండు. బాపు విత్తనానికి దాచిన బస్తా విప్పి కుంచంతోని కొలిచిండు. అమ్మ వారం దినాలు మాట్లాడలె.

వాళ్ల అసలు లడాయి ఇంకొకటి ఉండె. పసిపిల్ల తల్లి ఒకామె పొద్దెక్కినంక వచ్చేది. బాపు ఆమెకు గూడ నిండు కైకిలే ఇచ్చేటోడు. తక్కినోళ్లు గునుసుతుంటె అమ్మ ఇంటికొచ్చి అడిగింది. బాపు ద్రాక్షతోట యజమాని కథ ఎత్తుకున్నడు, ఆఖరి గంటకు వచ్చినోళ్లకు కూడ సమానంగ ఇచ్చిన కథ. అమ్మ ఊకుంటదా? ‘ఆయనకు ఎన్నెకరాల తోట ఉండెనో, మనకెన్ని ఉన్నయో సూస్కో’ అన్నది. అమ్మ మాట కూడ తప్పని నేననను. రెండెకరాలోనికి లెక్క ఉండాలె. కాని గా అమ్మనే, అన్నం వండినప్పుడల్లా ముందుగాల పిడికెడు బియ్యం తీసి దేవుని డబ్బల పోసేది. ఆదివారం గుడికి పోయేటియి అవి. లెక్క అడిగేది బాపునే, దేవుణ్ణి కాదు.

క్రిస్మస్‌కు బాపు మమ్ముల మెదక్‌కు తీస్కపోయేటోడు. అద్దాల కిటికీలల్ల ఏసయ్య పుట్టుక, సిలువ, ఆరోహణం ఉంటయి గదా. లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి కనవడయి, బయటికెల్లి ఎండ పడాలె. ‘సూస్తే పొద్దుండంగనే సూడాలె, ఇస్తే పొద్దుండంగనే ఇయ్యాలె’ అనేటోడు. ఆయనకు అన్నిట్ల కైకిలే కనవడేది!

రాత్రి ప్రార్థన మాత్రం శాన సేపు. ఆ దినం పొలంల వంగినోళ్ల పేర్లన్ని పేరుపేరున తీసి, దేవునికి వందనాలు చెప్పేటోడు. మేము కునుకుతుంటిమి. ఎవరికన్న బాకీ ఉంటే ఆ పేరు కాడ గొంతు ఆగేది. ఆగిందంటే ప్రార్థన ఆడనే ఆపి, లాంతరు పట్టుకొని బయలెల్లేటోడు. మనిషికి బాకీ ఉండి దేవునికి వందనం చెప్పుడు ఆయనకు చేత కాలె. నాకు గూడ చేత కాదు, ఆ రోగం అంటించి పోయిండు.

ఇప్పుడు మీ నాయిన కైకిలి పైసలు ఫోన్‌పే కొట్టమంటడు. కొట్టొచ్చు. కాని ఆ నంబరు పనికొచ్చినామె మొగనిది ఉంటది, ఆ పైసలు తొవ్వలనే కల్లు దుకాణంల దిగుతయి. ఆమె చేతిల పెట్టనిది ఇచ్చినట్టెట్లయితది? మా తాత ఒడిల గింజలు పడ్డయి, ఇంకొకని ఖాతాల పడలె గదా.

రేపు కంది కోతకు ఎనమండుగురు వస్తున్రు. చిన్నోడా, నువ్వు పొద్దుగాలనే బ్యాంకుకు పోయి చిల్లర నోట్లు తే. ఐదు వందలియి తేకు. పంచుకోనీకి వాళ్లు దుకాణాల పొంటి తిరగాలె.