గోడ మీద తేదీ

అరకు మెయిన్ రోడ్డులో ఒక చిన్న క్లినిక్కు ఉంది. షట్టరు, రెండు బెంచీలు, బీపీ మిషను, గోడకి మందుల కంపెనీ క్యాలెండరు. రిటైరయ్యాక పొద్దున్న పూట అక్కడ కూర్చుని చీటీలు రాస్తున్నాను. సంత రోజు బెంచీలు చాలక జనం మెట్ల మీద కూర్చుంటారు. డాక్టరుగారు కుర్రవాడు. మొన్న ఖాళీగా ఉన్నప్పుడు అడిగాడు: "మీ రోజుల్లో ఇక్కడ క్లినిక్కు ఎక్కడుండేదండీ?"

"నా చెప్పుల్లో ఉండేది బాబూ" అన్నాను. నవ్వాడు. నేను హాస్యమాడలేదు.

ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేవాళ్లంతా గాలికొండ దగ్గర ఆగుతారు. కాఫీ తాగి ఫొటోలు దిగుతారు. 1860 ప్రాంతంలో ఆ కొండ మీదే విశాఖపట్నం తెల్ల సిపాయిలకు ఒక ఆరోగ్య విడిది కట్టాలని ఇంగ్లీషువాళ్లు చూశారు. చల్లగాలి తగిలితే రోగాలు పోతాయని లెక్క. అది నిలవలేదు. మన్యం జ్వరం ముందు ఏ లెక్కా నిలిచేది కాదు. తమాషా ఏమిటంటే, అప్పట్లో జ్వరానికి కారణం చెడ్డ గాలేనని నమ్మేవారు. మలేరియా అన్న ఇటలీ మాటకు అర్థమే అది. గాలి కోసం వచ్చి గాలినే తిట్టుకున్నారన్నమాట. 1897 ఆగస్టులో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూసేదాకా గాలి మీద ఆ నింద పోలేదు. మా కొండల్లో తప్పంతా గెడ్డది. సన్నగా, తేటగా పారే నీటి అంచున పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమది. మురికి లేదు కదా అని మురిసిపోయే నీళ్లవి.

ఈ కొండలకు సర్కారు వచ్చిన వరస చూస్తే మందు ఎంత వెనక వచ్చిందో తెలుస్తుంది. 1839 చట్టంతో కలెక్టరును ఏజెంటుగా పెట్టి మామూలు కోర్టుల నుంచి ఈ ప్రాంతాన్ని వేరు చేశారు. ఏజెన్సీ అన్న పేరు అక్కడిదే. ముందు ఏజెంటు వచ్చాడు, తర్వాత పోలీసు, ఆ వెనక అడవి గార్డు. రోడ్డు కూడా వచ్చింది. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండవాళ్లను వెట్టికి పట్టి వేయించిన రోడ్డు 1922 తిరుగుబాటుకు ఒక కారణమైంది. ఆ రోడ్డు మందు మోసుకురావడానికి వేసింది కాదు.

స్వరాజ్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా, 8 లక్షల చావులు అని అంచనా. 1953లో మలేరియా కంట్రోలు కార్యక్రమం పెట్టారు. అది బాగా నడిచిందని 1958లో కంట్రోలు తీసేసి నిర్మూలన అని పేరు మార్చారు. మధ్యలో 1956 ప్రాంతంలో గిరిజనుల కోసం దేశం మొత్తం మీద 43 ప్రత్యేక బహుళార్థ బ్లాకులు తెరిచారు. అరకు వాటిలో ఒకటి. ఆ బ్లాకుల పనితీరు చూడ్డానికి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1965కి దేశంలో కేసులు లక్షకు దిగాయి. గెలిచేశాం అనుకున్నారు. 1976లో లెక్క 64 లక్షలు.

ఆ తిరగబెట్టిన జ్వరమే నాకు ఉద్యోగం ఇచ్చింది. 1979లో చేరాను. జనానికి నేను 'మలేరియా బాబు'ని. భుజాన సంచి. అందులో గాజు స్లైడ్ల పెట్టె, సూదులు, దూది, స్పిరిటు, క్లోరోక్విన్ డబ్బా, పెన్సిలు. పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటి గుమ్మం తొక్కాలి. జ్వరం ఉందా అని అడగాలి. ఉంటే వేలు పొడిచి స్లైడు తీయాలి, పెద్దవాళ్లయితే నాలుగు మాత్రలు నా కళ్ల ముందే మింగించాలి. వచ్చి వెళ్లినట్టు గుమ్మం పక్క గోడ మీద తేదీ వేయాలి. మా పై అధికారి కొండెక్కితే మనిషిని అడిగేవాడు కాదు, గోడ చూసేవాడు. నెలకు రెండు తేదీలు లేకపోతే నా పని అయినట్టే.

ఆ గోడే నాకు చదువు నేర్పింది. ఏడాది గడిచేసరికి ఏ ఇంట్లో ఎవరికి కడుపులో బల్ల ఉందో, ఏ కోడలికి నెలలు నిండాయో, ఏ ముసలాయన రాత్రి దగ్గుతాడో నాకు తెలిసిపోయింది. ఫ్యామిలీ డాక్టరు అంటారే, అది డిగ్రీ లేని నాకు నడక వల్ల అబ్బింది. డిగ్రీ లేకపోవడం ఎంత లోటో కూడా గోడే చెప్పింది. అది తర్వాత చెబుతాను.

గోడలతో పెద్ద చిక్కు ఒకటుండేది. ఏడాదికి రెండు విడతలు ఇంటి లోపల డీడీటీ కొట్టేవారు. దోమ కుట్టాక గోడ మీద వాలుతుంది, వాలితే చావాలి. కానీ మా ఆడవాళ్లకు పండగ ముందు ఎర్రమట్టితో ఇల్లు అలకడం ఆచారం. చైత్రంలో ఇటుకల పండగ వస్తే చాలు, తెల్లటి డీడీటీ మరకలన్నీ మట్టి కింద పడేవి. దోమ నిశ్చింతగా కొత్త గోడ మీద కూర్చునేది. అలకొద్దని చెప్పి చూశాను. మందు కంపు కొట్టే ఇంట్లో పండగ ఎలా చేస్తారు, వాళ్ల మాటా న్యాయమే.

చివరికి ఊరి దిశారి దగ్గరికి వెళ్లాను. దిశారి అంటే మంచీ చెడ్డా రోజులు చూసేవాడు, రోగం వస్తే ఏ దేవతకు కోపమొచ్చిందో చెప్పేవాడు. మా డిపార్టుమెంటువాళ్లు ఆయన్ని శత్రువులా చూసేవారు. నేను మందు కొట్టడానికి మంచి రోజు చూడమన్నాను. చాలాసేపు లెక్కపెట్టి, పండగ అయిన ఎనిమిదో నాడు చెప్పాడు. ఆ ఏడు ఊరంతా అలికి, పండగ చేసుకుని, మట్టి ఆరాక తలుపులు తీసి నిలబడ్డారు. మళ్లీ కొత్తల పండగదాకా ఎవరూ గోడ ముట్టలేదు. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. రిపోర్టులో మాత్రం రాయలేకపోయాను. 'దిశారి సూచన మేరకు' అని రాస్తే మెమో వచ్చేది.

స్లైడ్లు కొండ కింద ల్యాబుకు వెళ్లేవి. రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసి చీటీ పైకి పంపేవారు. ఒకసారి ఏడేళ్ల పిల్ల స్లైడు తీశాను. నలత, వాంతులు. మాత్రలు మింగించాను, కక్కేసింది, మళ్లీ ఇచ్చాను. పదిహేడో రోజున 'పి.ఎఫ్.' అని చీటీ వచ్చింది. ఫాల్సిపారం, మెదడుకెక్కే రకం. చీటీ పట్టుకుని గుమ్మంలోకి వెళ్తే వాళ్లమ్మ గోడ అలుకుతోంది. పండగ కాదే అనుకున్నాను. మైల ఇల్లు శుద్ధి చేస్తోందని ఆ తర్వాత అర్థమైంది. నా తేదీ కూడా ఆ మట్టి కిందికే పోయింది. ఇప్పుడు వేలి చుక్క కిట్టులో వేస్తే పావుగంటలో గీత పడుతుంది. ఆ గీత చూసినప్పుడల్లా నాకు పదిహేడు రోజులు గుర్తొస్తాయి.

రోగుల్ని కొండ దించిన రైలు సంగతీ చెప్పాలి. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండోల్ లైను వేశారు. 58 సొరంగాలు, శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తు. ఖనిజం కోసం వేసిన ఆ పట్టాల మీదే కిరండోల్ పాసింజరు మా రోగుల్ని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు మోసింది. డోలీలో స్టేషను దాకా, అక్కడి నుంచి రైల్లో నేల మీద పడుకోబెట్టి. 2005లో 108 అంబులెన్సు వచ్చింది, మంచిదే. కానీ అది రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. మిగతా దూరానికి డోలీయే గతి. ఇవాళ్టికీ పేపర్లో ఆ ఫొటో పడుతూనే ఉంది.

ఇక డిగ్రీ మాట. కాళ్లూ చేతులూ లాగుతున్నాయని రాత్రంతా ఏడ్చే పిల్లలు కొన్ని ఇళ్లలో ఉండేవారు. కళ్లు పచ్చగా, ఒంట్లో రక్తం లేకుండా, కొందరికి కడుపులో బల్ల. అన్నీ మలేరియా ఖాతాలో వేసి క్లోరోక్విన్ ఇచ్చాను. ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ ట్రైనింగులో సికిల్ సెల్ గురించి చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి. కొడవలి ఆకారంలో వంగిపోయే రక్తకణాలు. నీలగిరుల గిరిజనుల్లో 1952లోనే కనిపెట్టారట. ఇంకో మాట విని మరీ ఆశ్చర్యపోయాను. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ లక్షణం వచ్చిన పిల్లల్ని ఫాల్సిపారం అంత తేలిగ్గా చంపలేదు. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం రోగం. అంటే ఈ కొండల్లో మలేరియా తరతరాలుగా వడపోసి మిగిల్చిన రక్తం అది. ఒక జ్వరం కాపాడి వదిలిన గుర్తుకు నేను ఆ జ్వరం మందే వేశాను. దేశవ్యాప్తంగా సికిల్ సెల్ కోసం కార్యక్రమం మొదలైంది 2023లో.

క్లినిక్కుకి ఇప్పుడు జ్వరాలు తగ్గాయి. షుగరు, బీపీ వస్తున్నాయి. చోడి అంబలి తాగిన ముసలమ్మలు కోటా బియ్యం తిని మోకాళ్లు పట్టుకుని వస్తున్నారు. సంత మూలల్లో సంచీ వైద్యులు ఇంకా ఉన్నారు. ఏం జబ్బని అడగకుండానే సూది పొడుస్తారు. వాళ్లను నేను సమర్థించను, కానీ పిలిస్తే అర్ధరాత్రి కొండెక్కేది వాళ్లే. 2022లో పాడేరు జిల్లా కేంద్రమైంది. 2024లో అక్కడ 50 సీట్లతో మెడికల్ కాలేజీ మొదలైంది.

ఆ యాభైమంది పిల్లలకు నాదొక మనవి. సెలవు రోజున ఒక్కసారి ఏదైనా సంతకు రండి. సంతలో మాట్లాడే ఆదివాసీ ఒడియా నాలుగు ముక్కలు పట్టుకోండి. తర్వాత ఏ పేషెంటు వెంటో వాళ్ల ఇంటిదాకా నడవండి. అలికిన గోడ కనిపిస్తే, ఎందుకు అలికారని అడగండి.