కాంపోజిట్ లెక్కలు

చలి గట్టిగా ఉండాది, ఇంకో నాలుగు పుల్లలు ఎగదొయ్యి నాయనా. లెక్కలంటే మార్కులే కదా తాతా అంటివే, మా కాలం ముచ్చట చెప్తా విను.

1960ల్లో మా పుంగనూరు పక్క హైస్కూలు చదువు పదకొండో తరగతి దాకా. ఆఖరున ఎస్సెస్సెల్సీ పరీక్ష. లెక్కల్లో రెండు దోవలు ఉండేవి. జనరల్ అంటే వడ్డీలు, లాభనష్టాలు. కాంపోజిట్ అంటే బీజగణితం, రేఖాగణితం లోతుగా. కాంపోజిట్ చదివినోడికే పీయూసీలో, అంటే కాలేజీ తొలి ఏడాది చదువులో, ఎంపీసీ, ఆ పైన ఇంజనీరు చదువు. ఆ సంగతి పల్లెల్లో చెప్పేవాళ్లు లేరు. చెనిక్కాయ పెరికే అమ్మానాయనలకు ఎట్ల తెలుస్తుంది? తెలివైన పిల్లోళ్లు ఎందరో తెలియకనే జనరల్‌లో కూర్చుండిపోయినారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా అయ్యవారు చెప్పబట్టి నేను కాంపోజిట్ తీసుకున్నా. త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలని మేము కొలిచి చూపిస్తిమి. "నూరు కొలిచినా నూటొకటోదానికి పూచీ ఏది? ఎందుకో చెప్పండి" అన్నాడాయన. పై మొన మీదుగా, అడుగుగీతకు సమాంతరంగా ఒక్క గీత గీసినాడు. ఇదో, బొగ్గుతో గీస్తా చూడు. కింది రెండు కోణాలూ పైకొచ్చి, పై కోణానికి చెరోపక్క చేరినాయి. మూడూ కలిసి సరళరేఖ. ఇంక లోకంలో ఏ త్రిభుజాన్నీ కొలవబన్లేదు! ఎంత పెద్దోడు చెప్పినా ఎందుకని అడగొచ్చని ఆ పొద్దే నాకు తెలిసింది.

పీయూసీకి మదనపల్లె బీటీ కాలేజీకి పోయినా. అనిబిసెంటమ్మ 1915లో పెట్టిన కాలేజీ అది. 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆడనే. పాఠాలన్నీ ఇంగ్లీషులో. తెలుగులో చదివొచ్చిన మేము తక్కినవాటిలో తడబడినా, లెక్కల్లో నిలబడినాము. కుప్పం పిల్లోళ్లు కొందరు ఇంట్లో అరవం, కొందరు కన్నడం మాట్లాడేవాళ్లు. బోర్డు మీద నిరూపణ మొదలైతే అందరం ఒకే మెట్టు మీద ఉండేవాళ్లం. 1968లో తెలుగు అకాడమి వచ్చినాకనే ఆ చదువుకు తెలుగు పుస్తకాలు వచ్చినాయి. 1969లో పీయూసీ పోయి, రెండేండ్ల ఇంటర్ వచ్చింది.

ఇప్పుడు పదిలో అందరికీ ఒకటే లెక్కలు. ఆ అడ్డం పోయింది, శానా మంచిదైంది. అయితే సూత్రం బట్టీపట్టి టిక్కు పెట్టుకుంటా పోతే మాకు దొరికిన చదువు నీకు దొరకదు. సూత్రం వాడే ముందు అది ఎందుకు నిజమో మీ సారును అడుగు. అర్థమయ్యేదాకా అడుగు నాయనా, మొగమాటపడొద్దు.