ఇంటి నెట్‌వర్క్: వైరు, వైఫై ఎంపిక (దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్)

ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు, టీవీ, ప్రింటర్లను ఒకదానితో ఒకటి, ఇంటర్నెట్‌తోనూ కలిపే ఏర్పాటు ఇంటి నెట్‌వర్క్. రూటర్ నుంచి పరికరం దాకా లాన్ కేబుల్ లాగితే అది వైరు పద్ధతి, రేడియో తరంగాలతో కలిపితే వైఫై. హైదరాబాద్ తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్ కాలనీల్లో ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లూ ఎక్కువ. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నారన్నది ఇక్కడ వేగంలో స్పష్టంగా తెలుస్తుంది.

నేపథ్యం

లాన్ కేబుళ్లు వాడే ఈథర్‌నెట్ 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పుట్టింది. వైఫైకి ఆధారమైన ప్రమాణం 1997లో వచ్చింది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో 2005లో లైసెన్సు అవసరం తీసేశారు. 5 గిగాహెర్ట్జ్ పట్టీని 2018లో విస్తృతంగా అనుమతించారు. 2017లో ఇంటర్నెట్ సంస్థ ఏసీటీ ఫైబర్‌నెట్ సెకనుకు 1 గిగాబిట్ కనెక్షన్‌ను హైదరాబాద్‌లో ప్రవేశపెట్టింది.

వైఫై

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. ఒక్కో అంతస్తులో రెండు మూడు పోర్షన్లు, ప్రతి పోర్షన్‌లో ఒక రూటర్ ఉన్నచోట ఇవి చాలవు. ఒకే చానల్‌పై ఉన్న పరికరాలు వంతులవారీగా డేటా పంపాలి కాబట్టి రద్దీ పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చానళ్లు ఎక్కువ, వేగమూ ఎక్కువే. అయితే ఆ సిగ్నల్‌ను గోడలు, కాంక్రీటు స్లాబు బాగా బలహీనపరుస్తాయి. కింది అంతస్తులో పెట్టిన రూటర్ పెంట్‌హౌస్‌కు సరిగా అందకపోవడానికి ఇదే ప్రధాన కారణం.

వైరు

క్యాట్ 5ఈ రకం లాన్ కేబుల్ 100 మీటర్ల వరకు సెకనుకు 1 గిగాబిట్ మోస్తుంది. పక్కింటి రూటర్ల రద్దీ దానికి తగలదు. అయితే రూటర్ పోర్టు 100 మెగాబిట్లదైతే వేగం అక్కడే ఆగిపోతుంది. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చౌకే గాని, స్వచ్ఛమైన రాగి తీగంత నమ్మకమైనది కాదు. కరెంటు వైర్లున్న పైపులోంచి లాన్ కేబుల్ లాగకూడదు. గోడలు తొలవడానికి వీల్లేని అద్దె ఇళ్లలో అంచుల వెంట ప్లాస్టిక్ కేసింగ్ వేసుకోవచ్చు.

బయటి లైను

ఇంటి లోపలి నెట్‌వర్క్ వేరు, వీధి నుంచి వచ్చే లైను వేరు. 2025 ఆగస్టులో నగరంలోని రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో ఐదుగురు మరణించాక, విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాలపై వేలాడే కేబుళ్లను తొలగించారు. ఇలా వీధి నుంచి వచ్చే ఫైబర్ కేబుల్ తెగితే ఇంట్లో వైరున్నా, వైఫై ఉన్నా ఇంటర్నెట్ రాదు. 2023లో నగరానికి వచ్చిన జియో ఎయిర్‌ఫైబర్ వంటి సేవలు ఇంటిదాకా ఫైబర్ లేకుండానే అందుతాయి. కరెంటు పోయినా కనెక్షన్ ఆగకూడదంటే రూటర్‌కూ, ఫైబర్ పెట్టెకూ ఇన్వర్టర్ లైను ఇవ్వాలి.

ఎంపిక

కదలని వాటికి వైరు, చేతిలో తిరిగే వాటికి వైఫై అన్నది ఈ కాలనీలకు సరిపోయే నియమం. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారి కంప్యూటర్‌కు, ఆన్‌లైన్ పరీక్ష రాసే విద్యార్థి ల్యాప్‌టాప్‌కు, టీవీకి కేబుల్ ఇవ్వాలి. పై అంతస్తుకు కేబుల్ లాగి అక్కడ రెండో వైఫై పెట్టె పెట్టడం, సిగ్నల్‌ను గాలిలోనే పొడిగించే పరికరం కంటే మేలు. కొత్తగా ఇల్లు కట్టేవారు స్లాబు వేయకముందే ప్రతి గదికీ లాన్ కోసం ప్రత్యేక పైపు వేయించుకోవాలి.